నెలలో తొమ్మిది కిలోలు తగ్గించే డైట్: ముందు వేగంగా తగ్గి, ఆ తర్వాత నిలబెట్టుకోవచ్చా?

ప్రశ్న: మధ్యాహ్నం (అడిగినవారి మారుపేరు)

నా వయసు 38 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల రక్తంలో చక్కెర సగటును చూపే అంకె) 6.1 శాతం వచ్చింది. ఇది ఇంకా మధుమేహం కాదని, అయితే దాని గుమ్మం దాకా వచ్చినట్టేనని చెప్పి, ఆరు నెలల్లో ఐదారు కిలోలు తగ్గి మళ్లీ కనిపించమని మా వైద్యురాలు సూచించారు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. అది తప్ప వేరే మందులేవీ లేవు.

నాతో పనిచేసే ఒకావిడ ఒడ్డూ పొడుగూ దాదాపు నాలాగే ఉంటారు. ఆవిడ నెల రోజుల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. మూడు పూటలా పొడి కలిపిన పానీయం, మధ్యలో కాసిని పచ్చి కూరముక్కలు, అంతే. అన్నీ కలిపినా రోజుకు 600 కేలరీలు దాటవట. తనతో పాటు నన్ను కూడా మొదలుపెట్టమని పట్టుబడుతున్నారు.

ఇలాంటివి మంచివి కావని చాలామంది చెప్పగా విన్నాను. కానీ నా స్వభావం నాకు తెలుసు. నెలంతా కడుపు కట్టుకొని చివరికి కిలోన్నర తగ్గితే నా ఉత్సాహం అక్కడే చప్పబడిపోతుంది. అందుకని మొదటి నెల ఈ పద్ధతిలో గట్టిగా తగ్గి, ఆ ఊపుతో రెండో నెల నుంచి మామూలు భోజనంలోకి వచ్చి జాగ్రత్తగా ఉంటే సరిపోదా అనిపిస్తోంది. "నెమ్మదిగా తగ్గిన బరువే నిలుస్తుంది" అని అందరూ అంటారు గానీ, అది నిరూపితమైన విషయమో, వినడానికి బాగుంటుంది కాబట్టి చెప్పుకునే మాటో తెలియడం లేదు. భయపెట్టకుండా, అలాగని బుజ్జగించకుండా, తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: కొలత

ముందు ఆ తొమ్మిది కిలోల లెక్క చూద్దాం. మీ వయసు, ఎత్తు, బరువు ఉండి, కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు సుమారు 2,000 కేలరీలు ఖర్చవుతాయి. 600 కేలరీలు మాత్రమే తీసుకుంటే రోజుకు 1,400 కేలరీల లోటు ఏర్పడుతుంది, అంటే ముప్పై రోజులకు 42,000. ఒక కిలో శరీర కొవ్వులో దాదాపు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది కనుక, ఆ లోటంతా కొవ్వు నుంచే భర్తీ అయిందనుకున్నా, ఒక్క రోజు కూడా నియమం తప్పలేదనుకున్నా, కరిగే కొవ్వు ఐదున్నర కిలోలకు మించదు. మరి మిగిలిన మూడున్నర కిలోలు ఎక్కడివి?

అందులో పెద్ద భాగం నీరు. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో నాలుగైదు వందల గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌నూ అంటిపెట్టుకొని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గించగానే మొదటి కొద్ది రోజుల్లోనే ఈ నిల్వ ఖాళీ అయి, దానితో పాటు నీరూ బయటకు పోతుంది. ఉప్పు తగ్గడం వల్ల ఇంకొంత నీరు పోతుంది. ప్రేగుల్లో ఉండే ఆహారం బరువు సైతం తగ్గుతుంది. మొదటి వారంలో తూకం యంత్రం చూపించే ఆ అద్భుతమంతా ప్రధానంగా ఇదే. మామూలు భోజనం మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో ఈ నీరంతా తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు మనిషి "నేనేమీ అతిగా తినలేదే, రెండు కిలోలు ఎలా పెరిగాను?" అని బెంబేలెత్తి, విసుగుతో నియమాన్నంతా వదిలేయడం చాలా తరచుగా జరిగేదే.

మిగిలిన భాగం గురించే నాకు అసలు దిగులు. అది కండ. శక్తి లోటు తీవ్రంగా ఉండి, ప్రొటీన్ చాలినంత అందక, కండరాలకు పని కూడా చెప్పనప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగించి వాడుకుంటుంది. నీరులా అది రెండు రోజుల్లో తిరిగి రాదు. బరువు మళ్లీ పెరిగేటప్పుడు సులువుగా పేరుకునేది కొవ్వు, కండను కష్టపడి సంపాదించుకోవాల్సిందే. నలభైకి చేరువవుతున్న వయసులో, షుగర్ అంచున ఉన్నప్పుడు ఇది చిన్న నష్టం కాదు, ఎందుకంటే భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని ఇముడ్చుకునేవి కండరాలు. తూకం యంత్రం కొవ్వు, కండ, నీరు అన్న తేడా చూపదు కాబట్టి ఆ తొమ్మిది అంకె నన్నైతే పెద్దగా ఆకట్టుకోలేదు.

సమాధానం: నిదానం

పై లెక్కతో ఏకీభవిస్తూనే, ఆకలి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు గనుక రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఇరవై నాలుగు వారాల పాటు సగం తిండి పెట్టి పరిశీలించారు. రోజుకు వారికి అందింది దాదాపు 1,570 కేలరీలు, అంటే మీ సహోద్యోగి తింటున్న దానికి రెండున్నర రెట్లు. వారు తమ శరీర బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు. దానితో పాటు వారి మనసంతా తిండి చుట్టూనే తిరగసాగింది. వంటలో ఎన్నడూ ఆసక్తి లేనివారు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, కంచాలు నాకారు, చలికి తట్టుకోలేకపోయారు, చిరాకుతోనూ దిగులుతోనూ ముడుచుకుపోయారు. ఆంక్షలు తొలగించాక కడుపు నిండినా తృప్తి కలగక, కొందరు వారాల తరబడి విపరీతంగా తిన్నారు.

దీన్ని మనోబలం లేకపోవడంగా చూడకూడదు. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ తగ్గినప్పుడు మెదడు దాన్ని కరువు సూచనగా భావిస్తుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. పది వారాల పాటు అతి తక్కువ కేలరీలతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షించినప్పుడు కూడా ఈ హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. అంటే డైట్ అయిపోయినా ఆకలి అయిపోదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం మరీ నిరాశ కలిగిస్తుంది. సగటున 58 కిలోలు తగ్గినవారు అందులో 41 కిలోల దాకా తిరిగి పెరిగారు, పైగా వారి శరీరం విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి ఆ బరువుకు ఉండవలసినదాని కంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది.

కాబట్టి వేగంగా తగ్గిన బరువు నిలవదు, నెమ్మదిగా తగ్గినదే నిలుస్తుంది. ఇందులో రెండో మాటకు తావు లేదని నా అభిప్రాయం.

సమాధానం: పళ్లెం

రెండో మాటకు తావు ఉందండీ. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, రోజూ ఈ ప్రశ్ననే ఎదుర్కొంటాను. "నిదానం" గారు చెప్పిన వాస్తవాలన్నీ సరైనవే గానీ, వాటి నుంచి తీసిన ముగింపు మాత్రం నిలవదు.

మొదటిది, మిన్నెసోటాలోని యువకులు అధిక బరువున్నవారు కారు. మామూలు శరీరం నుంచి నాలుగో వంతు కరిగిపోతే వచ్చే పర్యవసానాలను 84 కిలోల మనిషికి యథాతథంగా వర్తింపజేయలేం. రెండోది, ఈ వేగం సంగతిని తేల్చడానికే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో చేసిన పరిశోధన 2014లో వెలువడింది. స్థూలకాయం ఉన్న సుమారు 200 మందిని రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి పన్నెండు వారాల్లో, మరొక బృందానికి ముప్పై ఆరు వారాల్లో ఒకే మోతాదులో బరువు తగ్గేలా ఆహారం ఏర్పాటు చేశారు. వేగంగా తగ్గవలసినవారిలో దాదాపు 80 శాతం మంది లక్ష్యాన్ని చేరుకోగా, నెమ్మది బృందంలో సగం మందే చేరుకున్నారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ల పాటు గమనిస్తే, రెండు బృందాలవారూ తగ్గిన బరువులో సుమారు 70 శాతాన్ని తిరిగి పెరిగారు. నెమ్మదిగా తగ్గినవారికి ప్రత్యేకమైన లాభమేదీ కనిపించలేదు. కనుక ప్రశ్న అడిగినవారి అనుమానంలో నిజం ఉంది: తొలినాళ్లలో బాగా తగ్గితే ఉత్సాహం నిలుస్తుందన్న మాటను తీసిపారేయలేం, "నెమ్మదిగా తగ్గినదే నిలుస్తుంది" అన్న మాటకు మనం అనుకున్నంత బలమూ లేదు.

అయితే దీన్ని ఆ పొడి డబ్బాకు ఇచ్చిన యోగ్యతాపత్రంగా దయచేసి భావించవద్దు. బ్రిటన్‌లో జరిగి 2017లో తొలి ఫలితాలు వెలువడిన డైరెక్ట్ అనే పరిశోధనలో మధుమేహం ఉన్నవారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీల పానీయాలే ఇచ్చారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం నుంచి ఉపశమన స్థితికి చేరారు. పైకి చూస్తే మీ సహోద్యోగి చేస్తున్నదీ ఇదీ ఒకటే అనిపిస్తుంది. కానీ అక్కడ వాడినది విటమిన్లు, ఖనిజ లవణాలు, ప్రొటీన్ లెక్కప్రకారం కూర్చిన ఆహారం. మొదలుపెట్టిన రోజే బీపీ మందులు, షుగర్ మందులు వైద్యుల పర్యవేక్షణలో నిలిపివేశారు. పానీయాల దశ ముగిశాక ఒక్కసారిగా భోజనానికి పంపకుండా, కొన్ని వారాల పాటు పూటపూటగా ఆహారాన్ని తిరిగి ప్రవేశపెట్టారు. ఆ తర్వాత కూడా నెలనెలా పిలిచి మాట్లాడారు, బరువు పెరగడం మొదలైన వారికి అక్కడికక్కడే సాయం అందించారు. ఇంత చేసినా రెండేళ్లకు ఆ 46 శాతం 36 శాతానికి పడిపోయింది. అంటే పెద్ద బృందం వెంట ఉండి చేయించిన పని అది. దానిలో కేలరీల అంకె ఒక్కటే తీసుకొని, మిగిలిన ఏర్పాట్లన్నీ వదిలేసి చేసేదే క్రాష్ డైట్. రెంటికీ తేడా వేగంలో లేదు, వెంట ఉన్న ఏర్పాటులో ఉంది.

పర్యవేక్షణ లేని చోట ఏం జరుగుతుందో 1970లలో అమెరికా చూసింది. ద్రవరూప ప్రొటీన్ డైట్ పేరుతో జంతు చర్మాలు, ఎముకల నుంచి తీసిన నాసిరకం ప్రొటీన్ మీదే నెలల తరబడి గడిపినవారిలో పదుల సంఖ్యలో మరణాలు నమోదయ్యాయి, వారిలో చాలామందికి గుండె లయ తప్పింది. అంత దూరం పోకపోయినా, మేము ఆసుపత్రిలో తరచుగా చూసేది పిత్తాశయంలో రాళ్లు. కొవ్వు వేగంగా కరిగేటప్పుడు కాలేయం పైత్యరసంలోకి ఎక్కువ కొలెస్ట్రాల్‌ను వదులుతుంది. తినే ఆహారంలో కొవ్వు లేకపోవడంతో పిత్తాశయం సరిగా ముడుచుకోక ఆ రసం అక్కడే చిక్కబడుతుంది. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవారిలో ఈ ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. జుట్టు రాలడం వెంటనే కాకుండా రెండు మూడు నెలలకు మొదలవుతుంది కాబట్టి చాలామంది దానికీ డైట్‌కూ లంకె పెట్టుకోరు, షాంపూ మారుస్తారు. కొందరికి నెలసరి తప్పుతుంది.

ఇక మీ విషయం. బీపీ మాత్ర వేసుకుంటూ తిండిని 600 కేలరీలకు తగ్గిస్తే నీరూ ఉప్పూ తగ్గి, బీపీ మరీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ లేదా ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్‌ను రాబట్టే మాత్రలు వాడేవారు, గర్భిణులు, బాలింతలు, గుండె లయ సమస్యలు ఉన్నవారు, గతంలో తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఎదుర్కొన్నవారు సొంతంగా దీని జోలికి అసలు పోకూడదు.

పైగా మీకు చెప్పిన లక్ష్యానికి ఇంత తీవ్రత అవసరమే లేదు. మీలాగే మధుమేహం అంచున ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడిన బృందంలో తగ్గింది 31 శాతమే. మీకు 7 శాతం అంటే ఆరు కిలోల కంటే కొంచెం తక్కువ. మీ వైద్యురాలు ఐదారు కిలోలు అని చెప్పింది అందుకే అయి ఉంటుంది.

మధ్యాహ్నం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పానీయాల ఆలోచన విరమించుకున్నాను, మా సహోద్యోగికి "పళ్లెం" గారి సమాధానం చూపిస్తాను. ఆచరణలో మాత్రం రెండు సందేహాలు మిగిలాయి. రోజూ తూకం చూసుకుంటే ఒకరోజు తగ్గి, మరుసటి రోజు పెరిగి మనసు పాడవుతుంది, అసలు చూసుకోవాలా వద్దా? సాయంత్రం ఐదారు గంటల మధ్య వచ్చే ఆకలికి ఎంత గట్టిగా ఉందామనుకున్నా లొంగిపోతాను, దీనికి ఏం చేయాలి?

సమాధానం: వేకువనడక

నేను వైద్యరంగానికి చెందినవాడిని కాను, బరువు తగ్గి కొన్నేళ్లుగా నిలబెట్టుకుంటున్నవాడిని. ఆ మేరకే నా మాట తీసుకోండి.

సాయంత్రపు ఆకలికి విరుగుడు సాయంత్రంలో దొరకదు, మధ్యాహ్న భోజనంలో వెతకాలి. పగలంతా నిగ్రహంగా ఉన్నామన్న తృప్తితో పొద్దున, మధ్యాహ్నం అరకొరగా తినేవారే ఆ వేళకు చేతికందింది తినేస్తారు. రోజు మొత్తంలో 500 కేలరీలు తగ్గించినా చాలు, మీకు 1,500 కేలరీల దాకా మిగులుతాయి. అందులో ప్రొటీన్‌కు మొదటి చోటు ఇవ్వండి. బరువు తగ్గే సమయంలో కండ కాపాడుకోవడానికి శరీర బరువులో కిలోకు ఒక గ్రాము కంటే కొంచెం ఎక్కువే, అంటే మీకు రోజుకు 85 నుంచి 100 గ్రాముల ప్రొటీన్ అవసరమవుతుంది. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం వైద్యురాలిని అడగకుండా పెంచవద్దు. దీన్నంతా రాత్రికి కుక్కకుండా మూడు పూటలకూ సమంగా పంచి, ప్రతిపూటా కంచంలో సగం కూరగాయలు ఉండేలా చూసుకుంటే, ఐదు గంటల ఆకలి పూర్తిగా పోకపోయినా మాట వినే స్థితికి వస్తుంది. అప్పుడు తినడానికి ఏదో ఒకటి ముందే అనుకొని సిద్ధంగా ఉంచుకోండి. ఏమీ తినకూడదని ఒట్టు పెట్టుకోవడం కంటే అది ఎంతో నయం. ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్లను ఇంట్లోకి రానివ్వకపోవడం మంచిది. పరిశోధకులు ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి ఇష్టమైనంత తినమన్నప్పుడు, ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం పెట్టిన రెండు వారాల్లో వారు రోజుకు 500 కేలరీలు అదనంగా తిన్నారని 2019లో వెల్లడైంది. మనం తగ్గించాలనుకుంటున్నది కూడా సరిగ్గా అంతే.

తూకం సంగతి. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందు రోజుల్లోనూ, కొత్తగా వ్యాయామం చేసి ఒళ్లు నొప్పులుగా ఉన్నప్పుడూ శరీరంలో నీరు నిలిచి బరువు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఒక రోజు అంకెకు విలువ ఇవ్వను. పొద్దున లేచి కాలకృత్యాలయ్యాక చూసి రాసుకొని, వారం చివర సగటు తీసి, గత వారం సగటుతో మాత్రమే పోల్చుకుంటాను. ఇదీ మనసుకు భారమైతే వారానికి ఒక్కసారే చూసుకొని, నెలకోసారి బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత టేపుతో కొలుచుకోండి. తూకం కదలని వారాల్లో కూడా టేపు కొన్నిసార్లు కదులుతుంది.

వ్యాయామం అంటే నడక ఒక్కటే అనుకోకుండా, వారంలో రెండు రోజులైనా కండరాలకు బరువు పని చెప్పండి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్‌లు మొదట్లో సరిపోతాయి. నిద్ర తగ్గించుకొని వ్యాయామానికి లేవడం మాత్రం నష్టపు బేరం. అదే తిండి తింటూ నిద్ర తక్కువైనవారిలో తగ్గిన బరువులో కొవ్వు వాటా తగ్గి, కండ వాటా పెరిగినట్లు పరిశోధనల్లో కనిపించింది.

మూడు నాలుగు నెలలకు బరువు ఒకచోట ఆగిపోవచ్చు. తగ్గిన శరీరానికి తగ్గిన ఖర్చే ఉంటుంది, పైగా మొదట కొలిచి వేసుకున్న నూనె అప్పటికి కంటి అంచనాకు వచ్చేసి ఉంటుంది. ఆ దశలో తిండి ఇంకా కోయడానికి ముందు, ఒక వారం పాటు తిన్నది, తాగింది మళ్లీ రాసుకొని చూడండి.

సమాధానం: పళ్లెం

"వేకువనడక" గారి మాటలకు రెండు చేర్పులు. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది, ఎర్ర రక్తకణాల ఆయుష్షు నాలుగు నెలల వరకు ఉండడమే అందుకు కారణం. కాబట్టి ఆత్రపడి నెలకే చేయించుకోవద్దు, మూడు నెలలు ఆగండి. ఉత్సాహం చప్పబడుతుందని భయపడ్డారు కదా, కిలోలు నెమ్మదిగా కదిలే నెలల్లో ఆ అంకె మీకు వేరే ఆసరా అవుతుంది.

రెండోది, బరువు తగ్గేకొద్దీ ఇప్పుడున్న బీపీ మాత్ర మోతాదు మీకు ఎక్కువైపోవచ్చు. ఇంట్లో బీపీ యంత్రం ఉంటే వారానికి రెండు మూడు సార్లు చూసి రాసుకోండి. కూర్చుని లేచినప్పుడు తల తిరిగినట్టు అనిపిస్తే ఆ క్షణంలోనే మరోసారి కొలిచి, ఆ కాగితంతో మీ వైద్యురాలిని కలవండి. మాత్రను మీ అంతట మీరు సగం చేయడం గానీ మానేయడం గానీ చేయవద్దు.